ద్రాక్షగింజను చదవగల పిల్లల తరఫున: ఎన్‌సీఈఆర్‌టీకి బహిరంగ లేఖ

న్యూఢిల్లీ, శ్రీ అరవిందో మార్గ్‌లోని జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి డైరెక్టర్ గారికి, సైన్సు పాఠ్యపుస్తకాలు తయారుచేసే బృందంలోని పెద్దలందరికీ,



మీ పదో తరగతి సైన్సు పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అని ఒక అధ్యాయం ఉండేది. 2022లో పుస్తకాలను కుదించినప్పుడు దానికి కత్తెర పడింది. మిగిలిన అధ్యాయం పేరు ‘అనువంశికత’ ఒక్కటే. కొత్త జాతులు ఎలా ఏర్పడతాయి, బల్లి ముందుకాలికీ మన చేతికీ ఉన్న పోలిక ఏం చెబుతుంది, శిలాజం అంటే ఏమిటి, దాని వయసు ఎలా లెక్కగడతారు, మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడు, ఇవన్నీ పోయాయి. ఆవర్తన పట్టిక అధ్యాయం కూడా పోయింది గానీ, దాని సంగతి రసాయనశాస్త్రం చెప్పేవాళ్ళు అడుగుతారు. 2023 ఏప్రిల్‌లో దేశం నలుమూలల నుంచి 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు సంతకాలు చేసి, పరిణామ పాఠాన్ని వెనక్కి తెమ్మని కోరారు. కోవిడ్ కాలంలో పిల్లల మీద పడిన భారం తగ్గించడానికే తీశామనీ, పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పరిణామం ఉండనే ఉందనీ జవాబు వచ్చింది.

ఆ జవాబు దగ్గరే నా పేచీ. నేను చిక్కబళ్ళాపురం జిల్లాలో, చింతామణి వైపు సైన్సు చెప్పే మనిషిని. పన్నెండో తరగతి అంటే మాకు ద్వితీయ పీయూసీ. అందులోనూ జీవశాస్త్రం తీసుకున్నవాళ్ళకే మీరు దాచిపెట్టిన ఆ పాఠం దొరుకుతుంది. ఎస్సెస్సెల్సీ అయ్యాక కామర్సులో చేరే అమ్మాయి, ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకునే అబ్బాయి, పట్టుపురుగుల పెంపకంలో నాన్నకు సాయంగా మిగిలిపోయే కుర్రాడు, టమోటా మండీలో లెక్కలు రాసే పిల్ల - వీళ్ళకు ఏ తరగతిలో చెబుతారు? ఈ దేశంలో శిలాజం గురించి తెలుసుకునే హక్కు డాక్టరు సీటు కోసం చదివేవాళ్ళకే పరిమితమని ఎవరు తేల్చారు? ఏ సమావేశంలో, ఏ ప్రాతిపదికన?

మీకో సందేహం రావచ్చు. చింతామణికీ శిలాజాలకీ ఏం సంబంధం? న్యాయమైన సందేహమే. నందికొండ రాళ్ళలో, కైలాసగిరి బండల్లో, బాగేపల్లి చుట్టూ ఉన్న గుట్టల్లో ఎంత వెతికినా ఒక్క పండు శిలాజం దొరకదు. ఇవి భూమి లోపల కరిగి, చల్లారి గట్టిపడిన గ్రానైట్లు, ఒత్తిడికీ వేడికీ చారలుపడిన నైస్ రాళ్ళు. వీటి వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు, కొన్ని చోట్ల అంతకంటే ఎక్కువ. పూలు పూసే మొక్కలు శిలాజాల్లో స్పష్టంగా కనబడడం మొదలై ఇంకా 13 కోట్ల ఏళ్ళే. అంటే మా కొండలు మొట్టమొదటి పువ్వు కంటే దాదాపు ఇరవై రెట్లు పాతవి. నిజానికి ఈ ఒక్క లెక్క చాలు, పదో తరగతి పిల్లలకు కాలం లోతు తెలియజెప్పడానికి. దానికోసం వాళ్ళు బడి కిటికీలోంచి చూస్తే సరిపోతుంది. ఆ కిటికీలోంచి కనబడేదాన్ని అర్థం చేసుకునే పేజీని మీరు తీసేశారు.

ఇక పండ్ల సంగతి. శిలాజమైన పండును గుర్తించడంలో సగం పని రాతిది, సగం పని బతికున్న పండ్లది. రాతిలో ఒక కాయ అడ్డుకోత కనబడుతుంది. అందులో ఎన్ని గదులు, గదికి ఎన్ని గింజలు, గింజలు దేనికి అతుక్కుని ఉన్నాయి, నడిమి స్తంభానికా, గోడకా, అడుగుకా? తొక్కలో ఎన్ని పొరలు, ఏ పొర మెత్తన, ఏ పొర పెంకు? కాయ పగిలేదా, పగలనిదా? పగిలితే ఎక్కడ పగిలేది? మొలక బయటికి రావడానికి దారి ఎటువైపు? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాలంటే ముందు నేటి పండ్లు వందలకొద్దీ కోసి చూసినవాడై ఉండాలి. ఆ విద్య మా పిల్లలకు పుట్టుకతో వస్తుంది. చింతపండు గింజ తీయడం, పనస కోయడం, సీతాఫలం వొలవడం, అనపకాయలు ఒలిచి రాశి పోయడం, చెనక్కాయలో ఎన్ని గింజలున్నాయో పైనుంచే వేలితో తడిమి చెప్పడం - ఇవి ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయి. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఆ తెలివికి మీ పుస్తకంలో చోటు లేదు.

ద్రాక్ష దగ్గర ఆగుదాం, ఎందుకంటే మాది ద్రాక్ష జిల్లా. బెంగళూరు గ్రామీణం, చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాల్లో పండే నల్లని ‘బెంగళూరు బ్లూ’కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దాని గింజను ఉమ్మేయకుండా అరచేతిలో పెట్టుకుని చూడండి. ఒకవైపు మధ్యలో గట్టులాంటి గీత, దానికి అటూ ఇటూ రెండు గుంటలు. తిప్పితే వీపు మీద బిళ్ళలాంటి చిన్న ముడి. రెండు గుంటలూ ఒక ముడీ కలిసి ఉన్న ఈ గింజ ద్రాక్ష కుటుంబపు ముద్ర. దాన్ని ఇంకో కుటుంబపు గింజగా పొరబడడం కష్టం. కంచెల మీద పాకే నల్లేరు, మా అవ్వలు పచ్చడి చేసే నల్లేరు, అదీ ఈ కుటుంబానిదే. దాని చిన్న ఎర్ర పండు చిదిపి గింజ తీసి బెంగళూరు బ్లూ గింజ పక్కన పెడితే, చుట్టరికం ఏమిటో తేడా ఏమిటో పదిహేనేళ్ళ పిల్లకు వివరంగా తెలుస్తుంది. ఇప్పటి మార్కెట్లో గింజలేని ద్రాక్షకే గిరాకీ. ఆరు కోట్ల ఏళ్ళ తరవాత ఎవరైనా మన కాలపు శిలాజాలు వెతికితే ఆ రకం వాళ్ళను ముప్పుతిప్పలు పెడుతుంది.

2013లో అమెరికన్ జర్నల్ ఆఫ్ బాటనీలో ఒక వ్యాసం వచ్చింది. ప్రపంచంలో అప్పటికి తెలిసిన వాటిలో ద్రాక్ష కుటుంబానికి చెందిన అతి పాత పండ్లు భారతదేశంలో, దక్కన్ లావా పొరల నడుమ దొరికాయని అందులో తేల్చారు. వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్ళు, అంటే డైనోసార్లు అంతరించిన కాలం. పేరు ఇండోవైటిస్ చితలేయే. దక్కన్ శిలాజ మొక్కల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన శ్యామలా చితలే గౌరవార్థం పెట్టిన పేరు. ఆ పండును పట్టిచ్చింది ఏమిటో ఊహించగలరా? గింజ మీది రెండు గుంటలు, వీపు మీది ముడి. 2024లో కొలంబియాలో 6 కోట్ల ఏళ్ళ నాటి ద్రాక్షగింజలు దొరికినప్పుడు కూడా ప్రపంచం పోల్చి చూసుకున్నది మన దేశపు గింజలతోనే. ఈ సంగతి చిక్కబళ్ళాపురం ద్రాక్షరైతు కొడుక్కి చెప్పకుండా ఇంకెవరికి చెప్పాలని మీ ఉద్దేశం? దీనివల్ల కిలో ద్రాక్షకు రూపాయి ధర పెరుగుతుందని నేను అనను. ధర పెంచే పాఠాలే ఉంచాలన్న నియమం మీకుంటే అది ముందుమాటలో రాయండి, మేం చదువుకుంటాం.

ఆ 2013 వ్యాసం రాసిన ముగ్గురిలో ఇద్దరు అమెరికాలోని పెద్ద సంస్థల వాళ్ళు, స్టీవెన్ మాంచెస్టర్, జున్ వెన్. మూడోవారు దశరథ్ కాప్‌గటే. ఆయన పనిచేసింది మహారాష్ట్రలోని భండారాలో, జె.ఎం. పటేల్ కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో. భండారా మహానగరం కాదు. మా చింతామణి లాంటి ఊరే. చుట్టుపక్కల చేలల్లో, గట్ల మీద దొరికే చెకుముకి జాతి రాళ్ళను ఏరి, కోసి, అందులో ఏముందో చూడగల మనుషులు ఆ ప్రాంతపు కాలేజీల్లో తరతరాలుగా ఉన్నారు కాబట్టి ఆ పండు ప్రపంచానికి తెలిసింది. శిలాజం అన్న మాటే పదో తరగతిలో వినని పిల్ల రేపు భండారాలో పుడితే ఆ రాయి ఆమె కాలికి తగిలినా అది రాయిగానే ఉండిపోదా?

ఈ రాళ్ళు ఎలా ఏర్పడ్డాయో కాస్త చెప్పాలి, ఎందుకంటే మీరు తీసేసిన భాగంలో చెప్పుకోదగ్గ సంగతి ఇదే. దక్కన్‌లో లావా ఒక్కసారిగా పొంగలేదు. ఒక ప్రవాహానికీ మరో ప్రవాహానికీ నడుమ వేల ఏళ్ళ విరామం. ఆ విరామాల్లో చెరువులు నిండాయి, ఒడ్డున చెట్లు పెరిగాయి, పూలు, కాయలు నీళ్ళలో రాలాయి. లావా రాతి నుంచి కరిగి వచ్చిన సిలికా ఆ నీళ్ళలో నిండుగా ఉంది. అది కాయ కుళ్ళేలోపే కణకణంలోకి ఇంకి గట్టిపడింది. అందుకే ఈ శిలాజాలు పైకి అచ్చు తగిలిన ముద్రలు మాత్రమే కావు. లోపలి కణాల గోడలు కూడా నిలిచి ఉంటాయి. రాతిని పలచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, కొన్ని కాయల్లో గింజ లోపలి పిండం దాకా కనబడుతుంది. పూర్వం ఒక్క కాయను అర్థం చేసుకోవాలంటే దాన్ని పొరపొరగా అరగదీయాల్సి వచ్చేది. పరిశీలన అయ్యేసరికి కాయ ఉండేది కాదు, బొమ్మలు, స్లైడులే మిగిలేవి. ఇప్పుడు ఎక్స్‌రే సీటీ స్కానుతో రాయి పగలకుండానే లోపలి కాయను ఎటునుంచి కావాలంటే అటునుంచి కోసి చూడొచ్చు.

మధ్యప్రదేశ్ ఛింద్వాడా జిల్లాలోని మోహ్‌గావ్ కలాన్ ఈ శిలాజాలకు పుట్టిల్లు. అక్కడి ఒక కాయను పురావృక్షశాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని 1943లో వివరించి ఎనిగ్మోకార్పన్ పారిజాయ్ అని పేరు పెట్టారు. ఒడిశా వృక్షశాస్త్రవేత్త ప్రాణకృష్ణ పరిజా మీద గౌరవంతో పెట్టిన పేరది. ఆ వ్యాసం అచ్చయింది సి.వి. రామన్ బెంగళూరులో స్థాపించిన ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ వారి పత్రికలో, అంటే మా జిల్లాకు కూతవేటు దూరంలో. సాహ్ని ఆ కాయను గోరింట కుటుంబానికి చేర్చారు. ఇవాళ్టి వర్గీకరణలో దానిమ్మ కూడా ఆ కుటుంబంలోనే ఉంది. గోరింట కాయ ఎండి పగిలితే లోపల చిన్న గింజలు కుప్పగా ఉంటాయని తెలియని ఆడపిల్ల మా పల్లెల్లో ఉంటుందా? గోరింట కాయా దానిమ్మ పండూ పైకి ఎంత వేరు! అవి బంధువులని చెప్పేవి లోపలి గదులూ పువ్వు నిర్మాణమూ. ఆ బంధుత్వం ఎందుకు ఉంటుందో చెప్పే ఒకే ఒక్క వివరణ పరిణామం. దాన్ని తీసేసి, వర్గీకరణ మాత్రం చెప్పమంటే ఏం చెప్పాలి? ఎవరో పెద్దమనిషి కూర్చుని పెట్టెల్లో సర్దాడని చెప్పాలా?

సాహ్ని అంతటివాడు పేరు పెట్టిన కాయల మీద కూడా తరవాతి వాళ్ళు వాదించారు, తిరిగి తెరిచి చూశారు. 1944లో ఆయన వర్ణించిన విరాకార్పన్‌ను 2018లో సీటీ స్కానుతో మళ్ళీ పరిశీలించారు. ఇంకో కాయ కథ మరీ ఆసక్తికరం. మూడు గదులున్న ఒక శిలాజ ఫలాన్ని మొదట ఆముదం కుటుంబంలో చేర్చారు. ఆముదపు కాయ మూడు భాగాలుగా విడిపోతుందని బాగేపల్లి మెట్టచేలల్లో తిరిగిన ఎవరినడిగినా చెబుతారు. కాబట్టి ఆ ఊహ అర్థంలేనిది కాదు. కానీ తొక్క మందంలో పీచుకట్టలు కనబడ్డాయి. పీచు ఉన్న మూడు గదుల కాయ కొబ్బరి, తాటి కుటుంబానిది. 2016లో దాన్ని తీసుకెళ్ళి ఆ కుటుంబంలో పెట్టారు. గదుల లెక్క ఒక్కటీ చాలదు, గోడను కూడా చదవాలి. 2019లో మరో కాయ వల్ల తాటిచెట్టు తెగ క్రిటేషియస్ యుగం నాటికే భారతదేశంలో ఉందని తేలింది. ముంజలు తిన్న ప్రతి తెలుగువాడికీ ఇది ఇంటి వార్త.

మన తెలుగునేల మీద ఇటువంటి జాగ్రత్తకు ఇంకా పాత ఉదాహరణ ఉంది. పడమటి కనుమల వైపు పొంగిన దక్కన్ లావా సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి రాజమండ్రి దగ్గర గోదావరి దాకా వచ్చింది. కాతేరు, పంగిడి ప్రాంతాల్లో లావా పొరల నడుమ సున్నపురాయి ఉంది. అందులో గింజల్లాంటి, మెలితిరిగిన గీతలున్న అతి చిన్న గుండ్లు దొరుకుతాయి. చూడగానే ఏదో మొక్క పండు అనిపిస్తుంది. అవి పండ్లూ కావు, గింజలూ కావు. మంచినీటి చెరువుల్లో పెరిగే కారా జాతి శైవలాల సంతానోత్పత్తి భాగాలు. ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు 1939లో వాటిని వివరంగా వర్ణించారు. గుండ్రంగా ఉన్నదల్లా పండు కాదని తెలుసుకోవడం, ఎందుకు కాదో చెప్పగలగడం, ఇదే కదా మీరు ప్రతి ముందుమాటలోనూ రాసే శాస్త్రీయ దృక్పథం? తెలంగాణలో వికారాబాద్ దగ్గర నాస్కల్‌లోనూ ఇటువంటి పొరలే ఉన్నాయి. అక్కడి మట్టిని జల్లెడ పట్టి, అందులో దొరికిన చిన్న చిన్న దంతాలతో డైనోసార్ల కాలపు క్షీరదాన్ని జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ప్రకటించారు. ఆ ఊరి పిల్లలకు ఆ పొరల పేరు చెప్పే పాఠం ఏది?

మీ పాత పేజీలు గొప్పగా ఉండేవని నేను అనను. శిలాజాల బొమ్మల్లో అమ్మొనైట్, ట్రైలోబైట్, నైటియా చేప, నర్మదా లోయలో దొరికిన రాజసారస్ పుర్రె, ఒక చెట్టు మొద్దు ఉండేవి. పువ్వు లేదు, కాయ లేదు. మన దేశపు శిలాజ కాయల నుంచి ప్రపంచం ఎంతో నేర్చుకున్నా, వాటికి ఒక చిన్న బొమ్మ కూడా దక్కలేదు. అయినా ఆ అధ్యాయంలో ఒక మంచి ఉదాహరణ ఉండేది. అడవి క్యాబేజీ మొక్క నుంచే రైతులు ఎంచుకుంటూ ఎంచుకుంటూ క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ తయారుచేసుకున్నారన్నది. చిక్కబళ్ళాపురం నుంచి రోజూ బెంగళూరుకు పోయే కూరగాయల లారీల్లో ఆ మూడూ ఉంటాయి. రైతు చేతులు పరిణామాన్ని ఎలా నడిపించాయో ఆ పేరా చెప్పేది. తమ తాతలు చేసిన పనికి సైన్సులో ఒక పేరు ఉందని పిల్లలకు ఆ రోజు తెలిసేది. దానిలో భారం ఏముంది? ఎవరి తలమీద?

భారం అనే మాట మీరు అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో కన్నడం చదువుతారు, సైన్సు మాటలు వచ్చేసరికి సగం ఇంగ్లీషు. మూడు భాషల నడుమ నలిగే పిల్లకు అసలు భారం ఎక్కడుందో మాకు తెలుసు. అర్థంకాని నిర్వచనం బట్టీ పట్టడంలో ఉంది. కాయ కోసి గదులు లెక్కపెట్టడానికి ఏ భాషా అక్కర్లేదు. ఏడాదికొకసారి బడికి వచ్చే ల్యాబ్ సామాను కూడా అక్కర్లేదు. ఒక కత్తి, ఒక భూతద్దం, ఊరి పండ్లు నాలుగు చాలు. పుస్తకంలో సులువుగా చెప్పగలిగినది తీసి, కష్టమైనది ఉంచిన లెక్క ఏమిటో వివరంగా చెబుతారా? ఏ నిపుణుల సలహా మీద ఈ భాగం పోయిందో, ఆ నిపుణులు ఎవరో, పరిణామం చదివిన జీవశాస్త్రజ్ఞుడు అందులో ఒక్కరైనా ఉన్నారో ప్రజలకు తెలియాల్సిన పని లేదా? మీవి ఢిల్లీ బడుల కోసం మాత్రమే అచ్చువేసే పుస్తకాలు కావు. చాలా రాష్ట్రాలు వాటినే తీసుకుంటాయి, లేదా వాటి అడుగుజాడల్లో తమవి రాసుకుంటాయి. మీరు అక్కడ ఒక గీత కొట్టేస్తే ఎన్ని భాషల్లో ఎన్ని పేజీలు ఖాళీ అవుతాయో ఒకసారి ఆలోచించారా?

ఇందులో ప్రజల ఆస్తి మాట కూడా ఉంది. దక్కన్ లావా నల్లరాయి, దాన్ని రోడ్ల కోసం కంకర కొడతారు. రాజమండ్రి దగ్గర గౌరీపట్నం, పంగిడి క్వారీల్లో ఆ నల్లరాయి కింద శిలాజాల పొర ఉంటుంది. శిలాజాలున్న స్థలాలను కాపాడడానికి కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక బిల్లు ముసాయిదా బయటపెట్టింది. ధ్వంసం చేసినవాళ్ళకు జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా అని అందులో రాశారు. అధికారమంతా జియలాజికల్ సర్వేకే కట్టబెట్టారని విశ్వవిద్యాలయాల వాళ్ళు అభ్యంతరం చెప్పారు, అది వేరే చర్చ. ప్రభుత్వంలో ఒక శాఖ శిలాజాన్ని పగలగొడితే జైలు అంటుంది. ఇంకో శాఖ కిందున్న మీరు, శిలాజం అంటే ఏమిటో పిల్లలకు చెప్పక్కర్లేదంటారు. క్రషర్ దగ్గర పనిచేసే మనిషికి తన సమ్మెట కింద ఏముందో తెలియకపోతే, అది చట్టమైనా ఎవరు అమలుచేస్తారు? ఢిల్లీ నుంచి ప్రతి క్వారీకీ ఒక ఇన్‌స్పెక్టరును పంపుతారా?

ఇదే దేశంలో, 1949 ఏప్రిల్ 3న, లక్నోలో పురావృక్షశాస్త్ర సంస్థకు నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆ రాతిలో బీర్బల్ సాహ్ని శిలాజాలను పొదిగించారు. వారానికే, ఏప్రిల్ 10న, సాహ్ని పోయారు. శిలాజాలు పొదిగిన పునాదిరాయి మీద ఒక జాతీయ సంస్థను కట్టుకున్న దేశం మనది. ఆ దేశపు పదో తరగతి పుస్తకంలో శిలాజానికి చోటు చాలకపోయిందంటే నమ్మమంటారా?

మా జిల్లాకూ ఒక చరిత్ర ఉంది. గౌరిబిదనూరు తాలూకా హొసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్య, బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉంటూ, మహిమల పేరుతో జరిగేవాటిని పరీక్షకు పెట్టమని బహిరంగంగా అడిగిన మనిషి. 1962లో ఆయన మొదలుపెట్టిన బెంగళూరు సైన్స్ ఫోరం జనం ముందు సైన్సు మాట్లాడింది. ఆయన జీవితమంతా అంటిపెట్టుకున్న నేషనల్ ఎడ్యుకేషన్ సొసైటీ కాలేజీలు గౌరిబిదనూరులోనూ ఉన్నాయి, బాగేపల్లిలోనూ ఉన్నాయి. ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యది, మరి సి.ఎన్.ఆర్. రావు పేరులోని మొదటి అక్షరం మా చింతామణి. ఇటువంటి నేల మీద ప్రశ్న అడగడం తప్పని ఎవరూ మాకు నేర్పలేదు. మీరు నేర్పుతున్నారా?

కొత్త పాఠ్యపుస్తకాలు తరగతి వెంట తరగతిగా మీ కార్యాలయం నుంచి వస్తున్నాయి. పదో తరగతి వంతు వచ్చినప్పుడు పరిణామమూ శిలాజాలూ తిరిగి అందులో ఉండాలి. తీసేసినవాటిని ఉన్నవి ఉన్నట్టు అతికించమని అడగడం లేదు. ఈసారి పక్కపక్కనే రెండు బొమ్మలు వేయండి. ఒకటి 6.6 కోట్ల ఏళ్ళ ఇండోవైటిస్ గింజ, రెండోది మామూలు ద్రాక్షగింజ. కింద నిర్వచనం రాయకండి. రెండింటిలో ఏమేం ఒకేలా ఉన్నాయో పిల్లలనే రాయమనండి, మీ ఊళ్ళో ద్రాక్ష కుటుంబానికి చెందిన ఇంకో మొక్క ఉందేమో వెతకమనండి. సముద్రతీరపు పిల్లలకు కొబ్బరి, తెలంగాణ పిల్లలకు తాటి, ఏ ప్రాంతానికి ఆ కాయ పెట్టుకునే వెసులుబాటు రాష్ట్రాలకు ఇవ్వండి. బసాల్ట్ పొరల మీద ఉన్న జిల్లాల్లో బడి పిల్లల్ని ఏడాదికొకసారైనా ఆ పొరల దగ్గరికి తీసుకెళ్ళమని ఉపాధ్యాయుల చేతిపుస్తకంలో రాయండి. మా వంటి గ్రానైట్ జిల్లాల్లో కొండ దగ్గరికి తీసుకెళ్ళి, ఇందులో శిలాజం ఎందుకు ఉండదో అడగమనండి.

కొత్త పుస్తకంలో ఈ అధ్యాయం ఉంటుందా, ఉండదా? ఉండకపోతే, పదో తరగతితో చదువు ఆపే పిల్లకు దీన్ని ఎక్కడ, ఎవరు చెబుతారు? ఈ రెండింటికీ మీ సంతకంతో లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాను. జవాబు నాకొక్కడికే పంపితే సరిపోదు. పత్రికలకు ఇవ్వండి, తెలుగులోనూ కన్నడంలోనూ ఇవ్వండి, మా పిల్లల తల్లిదండ్రులు చదువుకుంటారు.

ఇట్లు,
చింతామణి తాలూకా నుంచి
ఒక సైన్సు ఉపాధ్యాయుడు